చూరు కింద జానెడు సందు

నా దగ్గర పదకొండు కొలతల పుస్తకాలున్నాయి. గోధుమ రంగు అట్టలు, లోపలంతా పెన్సిలు రాత. మొదటిది 1971 జూన్‌లో మొదలైంది, ఆఖరుది 1989 మార్చిలో ముగిసింది. ఏ ఇంటికి ఏ రోజు పోయాను, ఏ గోడ ఎన్ని అడుగులు, ఎక్కడ తప్పాను, అన్నీ తేదీలతో సహా వాటిలో ఉన్నాయి.

మా వీధిలో ఒక అమ్మాయి ఈ మధ్య సివిల్ డిప్లొమా ముగించి, ఇళ్ల ముందరి భాగాలకు అల్యూమినియం పలకలు బిగించే పనిలో చేరింది. ఒక ఆదివారం వచ్చి, "అవ్వా, మీరు చేసింది కూడా ఇదే పనంట కదా. ఏమన్నా చెప్పండి" అని అడిగింది. చెప్పడం కంటే రాయడం నాకు సులువు. నోటితో చెప్పేటప్పుడు మనకు అనుకూలమైన తేదీలే గుర్తొస్తాయి.

నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. మూడు ఇళ్ల గురించి రాస్తాను. మొదటిది మదనపల్లెలో, రెండోది పుంగనూరు దగ్గర, మూడోది కుప్పం దగ్గర. మొదటి రెండింటిలోనూ తప్పు నాదే.

పని ఏమిటంటే

పెంకుటింటి కప్పు గోడ దగ్గర ఆగిపోదు. రెండడుగులు బయటికి వస్తుంది. అదే చూరు. వాసాల కొసలన్నిటినీ కలుపుతూ ముందర ఒక చెక్క పలక కొడతారు. కింద నిలబడి తల ఎత్తితే వాసాలు, పెంకుల అడుగు, గోడకూ కప్పుకూ మధ్య జానెడు సందు కనిపిస్తాయి. ఆ సందులో పిచ్చుకలు గూళ్లు కడతాయి, ఉడతలు దూరతాయి, ఎలుకలు తిరుగుతాయి. ముందరి పలక వానకు తడిసి ఎండకు ఎండి పది పన్నెండేళ్లలో పుచ్చిపోతుంది.

నేను పని చేసిన కాంట్రాక్టరు పేరు చెంగల్రాయప్ప. ఆయన బెంగళూరులో ఎక్కడో ఒక బంగళాకు అల్యూమినియం రేకు వేసి ఉండగా చూసి వచ్చాడు. చెక్క పలక మీద మడిచిన రేకు తొడగడం, చూరు అడుగును చదును రేకులతో మూసేయడం, ఇంతే పని. ముందరి దానికి ముఖపట్టీ, కింది దానికి అడుగు రేకు అని మేమే పేర్లు పెట్టుకున్నాం. కొలిచి గీసేది నేను. కత్తిరించి మడిచి బిగించేది పుంగనూరు దస్తగిరి సాయిబు. బక్కెట్లు, ట్రంకు పెట్టెలు, జల్లెడలు చేసే కుటుంబం వాళ్లది. నా కంటే ఇరవై ఏళ్లు పెద్ద. అయినా నన్ను "అమ్మా" అనే పిలిచేవాడు. కోపం వస్తే మాత్రం "ఓవర్సీరమ్మా" అనేవాడు.

మదనపల్లె: మాట్లాడిన ఇల్లు

1974 ఏప్రిల్. రిటైరైన ఒక హెడ్మాస్టరు గారి ఇల్లు. ముందరి చూరు ముప్పై ఆరు అడుగులు. అతుకులు ఎంత తక్కువైతే చూపుకు అంత బాగుంటుందని నేను పన్నెండడుగుల రేకులు మూడు తెప్పించి, కొసకు కొస ఆనించి, అడుగుకొక ఇనుప మేకు కొట్టించాను. సాయంత్రం చూస్తే అద్దంలా ఉంది. దస్తగిరి మాత్రం గడ్డం గోక్కుంటూ, "అమ్మా, ఇంత బిగింపు నాకు బాలేదు. ట్రంకు పెట్టెకైనా మూత కొంచెం ఆడాల కదా" అన్నాడు. "ఇది పెట్టె కాదు భాయ్, ఇల్లు" అన్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు గొడుగు వేసుకుని ఆఫీసుకు వచ్చారు.

"ఏమప్పా చెంగల్రాయప్పా, మా ఇల్లు మాట్లాడతా ఉండాది."

"ఏమంటాంది సార్?"

"నాకు అర్థమయ్యే భాష కాదు. పదకొండు గంటలకు మొదలుపెడుతుంది, నాలుగు దాకా ఆపదు. నా పిల్లకాయలను కూడా నేనింత సేపు మాట్లాడనియ్యలేదు."

చెంగల్రాయప్ప నా వైపు తిరిగి, "పో. పోయి విను" అన్నాడు. మరుసటి రోజు పది నుంచి నాలుగు వరకు ఆ ఇంటి అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. రేకు నలభై ఒక్క సార్లు టప్పుమంది. పొద్దున సాపుగా ఉన్న ముఖపట్టీ పన్నెండు గంటలకు అలలు అలలుగా ఉబ్బింది. ఎండలో పన్నెండడుగుల రేకు సుమారు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు పెరుగుతుంది. మూడు రేకులకు మూడు నూళ్లు. నేను పెరగడానికి చోటివ్వలేదు కాబట్టి అది ఉబ్బింది, ఉబ్బి మోగింది. ఈ లెక్క కాలేజీలో నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఇంటి మీద మాత్రం వెయ్యలేదు.

అన్నీ విప్పించాం. రేకును ఎనిమిదడుగులకు కుదించాను. ఒకదాని మీద ఒకటి అంగుళమున్నర ఎక్కేటట్టు పెట్టి, ఎక్కిన చోట మేకు కొట్టలేదు. మేకు పట్టే చిల్లును గుండ్రంగా కాకుండా కోలగా, రేకు పొడవు వెంబడి, తొలిపించాను. ఇనుప మేకుల చుట్టూ అప్పటికే తుప్పు మరక పట్టింది. వాటి బదులు అల్యూమినియం మేకులు వాడాం. దస్తగిరి ఒక్కసారి కూడా "నేను చెప్పలా" అనలేదు. ఆ ఇల్లు మళ్లీ మాట్లాడలేదు.

చేతికింద పనిచేసేవాడికి బాగాలేదనిపించిన చోట ఆగి ఎందుకని అడగాలని ఆ రోజే నేర్చుకున్నాననుకున్నాను. సగమే నేర్చుకున్నానని నాలుగేళ్ల తర్వాత తెలిసింది.

పుంగనూరు: సద్దు లేని గది

1978 జులై. పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో ఒక పల్లె. రెడ్డెప్ప అనే రైతు కొత్తగా మంగళూరు పెంకుల ఇల్లు కట్టుకున్నాడు. నలభై రెండడుగుల పొడవు, ఇరవై నాలుగు వెడల్పు, నాలుగు వైపులా రెండడుగుల చూరు. ఇంట్లో సగం కాపురానికి, సగం పట్టుపురుగులకు. ఆ ఏళ్లలో మా ప్రాంతంలో చాలామంది మల్బరీ పెట్టి ఇంట్లోనే పురుగులు పెంచేవాళ్లు. వెదురు తట్టల్లో పురుగులు, వాటికి రోజుకు నాలుగైదు సార్లు ఆకు. ఆకు కోసేది, వేసేది, పెంట తీసేది అంతా రెడ్డెప్ప భార్య నాగమ్మ.

రెడ్డెప్ప బాధ ఉడతలు, ఎలుకలు, బల్లులు. చూరు సందులోంచి దిగి తట్టల్లో పురుగులను తింటున్నాయి. "ఒక్క సీమ గూడా దూరకుండా మూసెయ్యాలమ్మా" అన్నాడు. మూశాను. నూట నలభై ఎనిమిది అడుగుల ముఖపట్టీ, ఒకటిన్నర అడుగు వెడల్పున్న అడుగు రేకులు ఎనభై ఎనిమిది, మూలలకు నాలుగు. ఎండకు పెరిగే చోటు వదిలాను, కొసల మడతలు సరిగ్గా వేయించాను. జులై 22, శనివారం పని ముగిసింది. గదిలో నిలబడి తలుపు మూసి పైకి చూశాను. ఒక్క చోట కూడా వెలుగు గీత కనిపించలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పని జరిగేటప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. నాగమ్మ ఆకు బుట్ట నెత్తిన పెట్టుకుని వాకిట్లో ఆగి, పైకి చూసి, "గాలి యాడ పోవాలమ్మా?" అని అడిగింది. నేను జవాబు చెప్పే లోపల రెడ్డెప్ప అడ్డం వచ్చాడు.

"ఇంజనీరమ్మకు నువ్వు సెప్తావా? పో, ఆకు వాడిపోతాంది."

ఆమె లోపలికి పోయింది. నేను టేపు చుట్టుకుంటున్నాను. కిటికీలున్నాయి కదా అనుకున్నాను. ఆ కిటికీలకు ఈగలు రాకుండా తడి గోనెపట్టాలు వేలాడదీస్తారని నాకు తెలియదు. అడిగి ఉంటే చెప్పేది.

ఆగస్టు 9, బుధవారం. పొద్దున మొదటి బస్సుకు రెడ్డెప్ప మదనపల్లెలో మా ఆఫీసుకు వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"పురుగులు నాలుగో జ్వరం లేసి రెండు దినాలైంది సార్. ఆకు తినేది లేదు. పదైదు తట్టలు పారబోస్తిమి."

పురుగు కుబుసం విడిచే ముందు ఆకు మానేసి ఒక రోజు కదలకుండా ఉంటుంది. దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు విపరీతంగా తిని, ఆ తర్వాత గూడు కడుతుంది. పంటంతా ఆ వారంలోనే ఉంది.

చెంగల్రాయప్ప ఆయనకు కాఫీ తెప్పించి ఓదార్చాడు. నన్ను మాత్రం గోడౌన్ వైపు పిలిచాడు.

"సుగుణా, పోయి చూసిరా. ఆకు తడిదని చెప్పు."

"అదే కారణమా సార్?"

"వారం నుంచి ముసురు. ఆకు తడిగానే కోసుంటారు. అబద్ధమేం కాదు కదా? ఇంటి తప్పని ఒక్కసారి ఒప్పుకుంటే సోమల నుంచి పలమనేరు దాకా ఇంగ మనల్ని పిలిచేవాడు ఉండడు."

ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. దాంట్లో ఉన్న ప్రమాదం అదే. పుంగనూరు దాకా బస్సులో ఆ మాటను నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కపెట్టలేదు.

పుంగనూరులో దస్తగిరిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి చేరేసరికి పది గంటలైంది. గడప ముందర సున్నం పొడి చల్లి ఉంది. కాళ్లు కడుక్కుని, ఆ సున్నంలో పాదం పెట్టి లోపలికి పోవాలి. బయటి రోగం లోపలికి రాకుండా అది వాళ్ల కట్టడి. లోపల నాగమ్మ ఒక్కతే ఉంది.

"ఇను" అంది నాతో.

నేను విన్నాను. ఏమీ వినిపించలేదు.

"నాలుగో జ్వరం లేసినాక అవి ఆకు తింటాంటే ఆ సద్దు వీధిలోకి ఇనపడాలమ్మా. ఇప్పుడు సూడు, గదిలో నిలబడి ఇన్నా లేదు."

గదిలో గాలి బరువుగా ఉంది. తడి ఆకు వాసన, పెంట వాసన, ఇంకేదో పులిసిన వాసన. తట్టల్లో పురుగులు ఆకు మీద చల్లగా, మెత్తగా పడి ఉన్నాయి.

రెడ్డెప్ప గడప దగ్గర నిలబడ్డాడు. "సెప్పమ్మా. ఆకు తప్పా, ఇల్లు తప్పా? ఆకు తప్పయితే ఇంగ ఈ పని మాకొద్దు. ఈమెకు ఆకు సూసి కోసేది తెలీదు. నాలుగెకరాల మల్బరీ దున్నేసి టమేట పెడతా. నాగలి సిద్ధంగా ఉండాది."

నాగమ్మ చేతిలోని ఆకు కట్టను ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది. ఆ మల్బరీ తోట ఆమె పెట్టింది, ఈ గది ఆమెది. నేను "తడి ఆకు" అంటే ఆ రెండూ పోతాయి, తప్పు కూడా ఆమె మీదే పడుతుంది. నా పేరు మాత్రం నిలబడుతుంది.

నేను గోడ పక్కన ఉన్న ఎత్తుపీట ఎక్కి చెయ్యి చాచి గోడ మీది సందులోంచి అడుగు రేకు లోపలి వైపు తాకాను. చెయ్యి తడిసింది. చెమటలా బొట్లు బొట్లుగా నీళ్లు పట్టి ఉన్నాయి. ఒక బొట్టు నా మణికట్టు మీదుగా జారి కింది తట్టలో పడింది.

ఎత్తుపీట దిగి, తడి చెయ్యి రెడ్డెప్పకు చూపించాను.

"ఆకు కొంచెం తడిదైనా ఇదివరకు గాలికి ఆరిపోయేది. ఇప్పుడు గాలి లేదు. పెంకుల కింది ఆవిరి పోయే దారి నేను మూసేశాను. తప్పు ఇంటిది కాదు, ఆకుది కాదు. నాది."

ముందు మాట్లాడింది నాగమ్మ, అదీ నాతో కాదు.

"గాలి యాడ పోవాలని ఆ పొద్దు నేను అడిగితే ఏమంటివి? ఇంజనీరమ్మకు సెప్తావా అంటివి. ఇప్పుడు ఇంజనీరమ్మే సెప్తాంది, ఇను."

"ఇంటాండా లేవే" అన్నాడు రెడ్డెప్ప, నేల చూస్తూ. తర్వాత నన్ను అడిగాడు. "మిగిలినేటివన్నా నిలబడతాయా?"

"తెలియదు. ఇప్పుడే సందులు తెరుస్తాం."

దస్తగిరి సుత్తి, ఉలి తీశాడు. నాగమ్మ గడప దాటి వచ్చి అడ్డం నిలబడింది.

"సుత్తి మోత ఈడ వద్దు. తట్ట అదిరితే తినే పురుగు గూడా తల ఎత్తేసి ఆపేస్తాది."

"మేకులు ఎట్లా తియ్యాల తల్లీ? ఊదితే వస్తాయా?"

"అది నువ్వు సూసుకో సాయిబూ. కొట్టేటప్పుడు నన్ను అడిగినావా?"

దస్తగిరి నా వైపు చూసి, "ఓవర్సీరమ్మా, మీరు బాగా బిగించమన్నారే" అన్నాడు. ఆ రోజు ఆ పిలుపుకు నేను తగినదాన్నే.

సుత్తి లేకుండా, బయట నిచ్చెన మీద నిలబడి, రేకుల కత్తెరతో మేకు చుట్టూ కత్తిరించి, పట్టకారుతో ఒక్కొక్క రేకూ దింపాడు. ముక్కలు రాలి తట్టల్లో పడకుండా నాగమ్మ లోపల పాత చీరలు అడ్డం కట్టింది. నేను నిచ్చెన పట్టుకున్నాను. పొద్దు వాలే లోపల మూడింటికి ఒకటి చొప్పున ఇరవై తొమ్మిది రేకులు దిగాయి. ముప్పయ్యో రేకుకు ఆయన కత్తెర ఎత్తబోతే ఈ పూటకు చాలని ఆపమన్నాను. అప్పటికే గదిలో గోనెపట్టా అంచు కదులుతోంది.

ఆ రాత్రి పుంగనూరులో మా పిన్నమ్మ ఇంట్లో ఆగి, మరుసటి రోజు పొద్దునే మళ్లీ పోయాను. ఏమీ తేడా లేదు. శుక్రవారం నాగమ్మ గడప దగ్గరే ఆపి, నోటి మీద వేలు పెట్టుకుంది. గది లోపల, సన్నగా, ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు సద్దు. అవి తింటున్నాయి.

అరవై తట్టల్లో ఇరవై మూడు పోయాయి. ముప్పై ఏడు తట్టల పురుగులు చంద్రికలు ఎక్కాయి. చంద్రిక అంటే పురుగు గూడు కట్టడానికి వెదురు దబ్బలు సుడులుగా అల్లిన చాప. రెడ్డెప్ప నాగలి కట్టలేదు. మిగిలిన రేకుల విషయం నాగమ్మే తేల్చింది. ఉడతలు దూరే వంటింటి వైపు మూసే ఉంచమంది, పురుగుల గది చుట్టూ తెరిచి, కోళ్ల బుట్టకు వాడే వల కట్టించుకుంది.

ఇంటికి వచ్చాక ఆ ఇంటి కొలతల పేజీ తీసి చూశాను. గోడలు, వాసాలు, చూరు వెడల్పు, మూలలు, పలక మందం, అన్నీ నూలు వరకు రాసున్నాయి. గోడకూ కప్పుకూ మధ్య ఉన్న జానెడు సందు మాత్రం లేదు. జానెడంటే తొమ్మిది అంగుళాలు. నూట ముప్పై రెండడుగుల గోడ చుట్టూ లెక్కేస్తే తొంభై తొమ్మిది చదరపు అడుగుల దారి. అంత పెద్ద వాకిలిని, అక్కడ ఏమీ లేదు కాబట్టి, నేను కొలవలేదు.

ఇంకొకటి కూడా రాయాలి. ఆ పనిలో చేరిన ఏడేళ్లలో నా మాట సాగనివ్వని మేస్త్రీలను, నన్ను దాటి నా వెనకున్న మగవాడితో మాట్లాడే ఇంటివాళ్లను చాలామందిని చూశాను. ప్రతిసారీ మనసులో వాళ్లను తిట్టుకున్నాను. నాగమ్మ అడిగినప్పుడు నేను చేసిందీ అదే.

చెంగల్రాయప్ప గురించి

నేను నిజం చెప్పి వచ్చానని తెలిశాక ఆయన నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. కొలతల కాగితాలు బల్ల మీద పెడితే తీసుకునేవాడు, అంతే. పదో రోజు, "నీ నోటి వల్ల నా వ్యాపారం పోతుంది అనుకున్నా. సోమల నుంచి ఇద్దరు వచ్చారు. నిజం చెప్పిన ఆమెనే పంపమంటున్నారు. పో" అన్నాడు. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు, నేను ఆశించలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. పాత ఇల్లు ఏదీ చదరంగా ఉండదని, ఒక్క గోడ కొలిచి రెండో గోడ ఊహించవద్దని, మూలకు మూల ఐమూలగా దారం లాగి చూడమని నాకు నేర్పింది ఆయనే. భయపడ్డప్పుడు మాత్రం కింది వాళ్లను అబద్ధం చెప్పమనేవాడు. మీకూ ఇలాంటి పై అధికారులే దొరుకుతారు. వాళ్ల దగ్గర దారం లాగడం నేర్చుకోండి. అబద్ధం వాళ్లనే వచ్చి చెప్పుకోమనండి.

కుప్పం: పిండి జల్లెడ

1984 జనవరిలో ఒక పోస్టుకార్డు వచ్చింది. నాగమ్మ చెల్లెలు మంజుల కుప్పం దగ్గర పల్లెలో ఉంటుంది. ఆమె పురుగుల కోసమే వేరుగా ఒక ఇల్లు కడుతోంది. కార్డు ఎవరి చేతనో రాయించారు కానీ మాటలు నాగమ్మవే. "మా సెల్లెలికి ఇల్లు నువ్వే సూడాల. తప్పు చేసి ఒప్పుకున్నదానివి, మళ్లా చెయ్యవు" అని ఉంది. నాకు ఇంతకంటే మంచి సర్టిఫికెట్టు ఎవరూ ఇవ్వలేదు.

అక్కడి చిక్కు వేరు. ఆ ఏళ్లలో ఊజి ఈగ అని కొత్త పీడ వచ్చింది. ఈగ వచ్చి పురుగు వీపు మీద గుడ్డు పెడుతుంది. లోపల పెరిగిన పిల్ల పురుగును తొలుచుకుని బయటికి వస్తుంది. ఒక గదిలో నాలుగు ఈగలు దూరినా చాలు. చూరు తెరిస్తే ఈగ, మూస్తే ఆవిరి.

ఈసారి నేను ముందు మంజుల దగ్గర కూర్చున్నాను. ఎక్కడ నిలబడి ఆకు వేస్తావు, ఏ పొద్దులో గది వేడెక్కుతుంది, గాలి ఎటు నుంచి వస్తుంది, ఇవన్నీ అడిగి రాసుకున్నాక టేపు తీశాను. పేజీలో మొదటి గీత సందు కొలత.

దస్తగిరికి విషయం చెప్పగానే, "అమ్మా, కావాల్సింది జల్లెడే కదా. మా తాత కాలం నుంచి అదే చేస్తున్నాం. రేకంతా చిల్లులు కొట్టేస్తా" అన్నాడు హుషారుగా.

నేను పెన్సిలు తీసి లెక్క వేశాను. ఈగ దూరకూడదంటే నూలు చిల్లు. చదరపు అంగుళానికి పదహారు. వందడుగుల గోడ, రెండడుగుల చూరు.

"నాలుగు లక్షల అరవై వేల ఎనిమిది వందల చిల్లులు భాయ్."

ఆయన వేళ్లు మడిచి లెక్కేసుకున్నాడు. "నాకిప్పుడు యాభై ఎనిమిది. మొదలుపెడితే నా మనవడికి గడ్డం తెల్లబడినాక అయిపోతాది."

మంజుల నవ్వు ఆపుకోలేక ఆకు బుట్ట కింద పెట్టేసింది. నవ్వి నవ్వి, "యాల అన్నా అంత కష్టం? పిండి జల్లెడకు చిల్లులు కొడతారా, వల బిగిస్తారా?" అంది.

నేనూ దస్తగిరీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అడుగు రేకు మధ్యలో, గోడ పొడవునా, నాలుగు అంగుళాల వెడల్పున దారి వదిలాం. వందడుగులకు అది ముప్పై మూడు చదరపు అడుగుల పైన. వల తీగలకు సగం పోయినా పదహారు మిగులుతుంది. వేడి గాలి పోవడానికి కప్పు శిఖరం దగ్గర ఇంకో దారి, దానికీ వల. వలను రేకు చట్రాల్లో బిగించి, ప్రతి చట్రాన్నీ బయటి నుంచి స్క్రూలతో పట్టించాం. మేకు ఒక్కటి కూడా లేదు. విప్పాలంటే స్క్రూడ్రైవరు చాలు, సద్దు ఉండదు. ఇది నా ఆలోచన కాదు. సుత్తి మోత ఈడ వద్దు అన్నామె పెట్టిన షరతు.

మార్చి 14, బుధవారం దస్తగిరిని వెంటబెట్టుకుని మొదటి పంట చూడటానికి పోయాను. నాగమ్మ కూడా పలమనేరులో బస్సు మారి వచ్చింది. పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. నాగమ్మ సున్నంలో పాదం పెట్టి లోపలికి వచ్చి, కొంగున ముడివేసి తెచ్చిన ఊదుబత్తి ఒకటి తీసి, అంటించి, గది మధ్యలో ఎత్తి పట్టుకుంది. పొగ నిటారుగా లేచింది, కప్పు కింద కాసేపు తచ్చాడింది, తర్వాత సన్నగా సాగి శిఖరం దగ్గరి వల వైపు పోయింది. మేం బయటికి వచ్చి చూస్తే ఆ పొగ వల దాటి పెంకుల పైకి పోతోంది. చూరు కింద వల బయటి వైపు రెండు ఈగలు పట్టుకుని పాకులాడుతున్నాయి.

"గాలి యాడ పోవాలని ఇంగ నేను అడగాల్సిన పన్లే" అంది నాగమ్మ.

"అడగాల నాగమ్మా. నువ్వు అడక్కపోతే నేను మళ్లా మర్చిపోతా."

"అట్లనా?" అని ఆమె చూరు వెంబడి మెల్లగా నడిచింది. ఒక్కొక్క చట్రాన్నీ తల ఎత్తి చూస్తూ ఇల్లంతా చుట్టి వచ్చి, వాకిలి దగ్గర ఆగింది.

"అయితే అడుగుతా. ఈడ యాల వదిలినావు?"

నేను పోయి చూశాను. వాకిలికి సరిగ్గా పైన రెండు చట్రాలు కలిసే చోట వల ముప్పాతిక అంగుళం తక్కువైంది. నేను రెండుసార్లు చూసి ఒప్పుకున్న పని. ఈగ రెక్కలు చాపుకుని నడిచిపోయేంత సందు.

పుస్తకం తీసి తేదీ కింద రాసుకున్నాను. తల ఎత్తేసరికి దస్తగిరి అప్పటికే నిచ్చెన మీద ఉన్నాడు. స్క్రూలు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా తిరిగి ఆయన అరచేతిలో పడుతున్నాయి. లోపల పురుగులు జ్వరంలోనే ఉన్నాయి, ఒక్కటి కూడా కదల్లేదు.